ఫోమ్ హరికేన్ డైరీ: తోకలో గ్రాము పెరిగితే ముక్కులో మూడు

రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ ఫైటర్ విమానం హాకర్ హరికేన్‌ను ఫోమ్ షీటుతో, రేడియో కంట్రోల్ మోడల్‌గా కట్టిన డైరీ ఇది. అసలు హరికేన్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 40 అడుగులు, విస్తీర్ణం 257.5 చదరపు అడుగులు. 1/12కు తగ్గిస్తే 1,016 మి.మీ., 16.6 చదరపు డెసిమీటర్లు వస్తుంది. కింది కొలతలన్నీ ఈ సైజువే.

అందరూ స్పిట్‌ఫైర్ (అదే యుద్ధంలోని ఇంకో బ్రిటిష్ ఫైటర్) కడతామంటారు. దాని రెక్క పలచన, అంచులు కోడిగుడ్డు వంపు. 5 మి.మీ. షీటుతో ఆ వంపు తేవడం నరకం. హరికేన్ రెక్క లావు, అంచులు తిన్నన, మడతపెట్టిన షీటుకు సరిగ్గా సరిపోతుంది. దీనితో వచ్చే తలనొప్పి ఒక్కటే, ముక్కు పొట్టి. తోక బరువెక్కితే దానికి సరితూగే బరువు పెట్టడానికి ముక్కులో చోటు ఉండదు. కింద రాసిన తప్పుల్లో సగం ఈ లెక్క మరిచిపోవడం వల్ల జరిగినవే.

దశ 1: షీటు, ప్లాను

నెల్లూరులో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుకు పోయి "ఫోమ్ బోర్డు" అని అడిగితే మూడు రకాల్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. మూడూ తెల్లగానే ఉంటాయి, మూడూ 5 మి.మీ. మందమే. మొదట తెచ్చింది సన్‌బోర్డు, అంటే పీవీసీ. అది షాపు బోర్డులకు పనికొస్తుంది కానీ విమానానికి కాదు. 10 సెం.మీ. × 10 సెం.మీ. ముక్క కోసి కాటాలో పెడితే తేడా తెలిసిపోతుంది:

- సన్‌బోర్డు: 27 గ్రా.
- రెండు వైపులా కాగితం ఉన్న ఫోమ్ బోర్డు: 4.3 గ్రా.
- ఎక్స్‌పీఎస్ షీటు, డాబాల మీద వేడి ఆపడానికి పరిచే రకం: 1.8 గ్రా.

సన్‌బోర్డు రెక్క పైకప్పు, కిందికప్పు కలిపితేనే 900 గ్రాములవుతుంది. మోటారు పెట్టకముందే కథ ముగుస్తుంది. కొనేముందు చిన్న ముక్క అడిగి తూచండి. 0.1 గ్రాము చూపించే జేబు కాటా లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ప్లాను 16 ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి అతికించాం. అందులో 100 మి.మీ. గీత ఒకటి ఉంటుంది. స్కేలు పెట్టి చూస్తే 97 మి.మీ. ఉంది. జిరాక్స్ షాపు కంప్యూటర్ పేజీలో పట్టేలా దానంతట అదే కుదించింది. 97 శాతం అంటే వినడానికి చిన్నదే. కానీ రెక్క 986 మి.మీ. అవుతుంది, విస్తీర్ణం 15.6కు పడిపోతుంది. బరువు మాత్రం తగ్గదు. "అసలు సైజు" అని ఎంచి మళ్లీ తీయించాం.

దశ 2: రెక్క

రెక్క మూడు ముక్కలు. మధ్య ముక్క 276 మి.మీ., తిన్నగా ఉంటుంది. పక్క ముక్కలు ఒక్కోటి 370 మి.మీ., పైకి వాలి ఉంటాయి. అసలు విమానంలో ఆ వాలు 3.5 డిగ్రీలు. మోడల్‌కు 5 డిగ్రీలు పెట్టాం, గాల్లో తనంతట తాను సర్దుకోవడానికి. 5 డిగ్రీలంటే రెక్క కొస కింద 32 మి.మీ. దిమ్మె. బాడీ దగ్గర రెక్క వెడల్పు 204 మి.మీ., కొసన 100.

1. కిందికప్పు కోసి, ముందంచు నుంచి 60 మి.మీ. దగ్గర స్పార్ (రెక్క పొడవునా పోయే చెక్క పట్టీ) అతికించాలి. స్పార్‌కు వడ్రంగి దగ్గర దొరికే 5×10 మి.మీ. బీడింగ్ పట్టీ వాడాం. నిలువుగా నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు.
2. రెండు విరుపుల దగ్గర 3 మి.మీ. ప్లైవుడ్ జాయింటు, ఒక్కోటి 120 మి.మీ. పొడవు, అరాల్డైట్‌తో.
3. పైకప్పు లోపలివైపు ముందంచు పక్కన 10 మి.మీ. ఎడంతో నాలుగు గీతలు, సగం లోతుకు. పూర్తిగా తెగితే విరుగుతుంది.
4. గీతల మీద పారదర్శక ప్యాకింగ్ టేపు వేసి, టేబుల్ అంచు మీద మెల్లగా వంచి, మడవాలి.
5. అతికించాక ఎనిమిది గంటలు బరువు పెట్టి కదలనీయకూడదు.

అయిదో మెట్టులో దెబ్బతిన్నాం. బరువు పెట్టింది పాత ప్లైవుడ్ మంచం పలక మీద. పలకకు కనపడని వంపు ఉంది. ఆరాక యాంగిల్ గేజ్ పెడితే ఎడమ కొసన వెనకంచు 1.5 డిగ్రీలు పైకి, కుడి కొసన 1 డిగ్రీ కిందికి తిరిగి ఉంది. వేగం తగ్గగానే కుడి కొస ముందు ఆగిపోతుంది, అంటే పైకెత్తే బలం పోతుంది, విమానం కుడివైపు దొర్లిపోతుంది. దీన్ని అప్పుడు "పర్లేదులే" అని వదిలేశాం. దానికి మూల్యం దశ 7లో ఉంది.

సరైన కొలత: రెండు కొసల్లోనూ వెనకంచు 2 డిగ్రీలు పైకి ఉండాలి. 100 మి.మీ. వెడల్పు మీద అది 3.5 మి.మీ. దిమ్మె. ఆరబెట్టడానికి కడప బండంత చదునైనది ఇంట్లో ఇంకొకటి లేదు. వంటింటి అరుగు చాలు.

జిగురు గురించి ఒకసారి చెప్పి వదిలేస్తాం. సైనో జిగురు (ఫెవిక్విక్ రకం) ఎక్స్‌పీఎస్‌ను తినేస్తుంది. చెప్పులు అతికించే రబ్బరు జిగురు కూడా అంతే. ఫోమ్‌కు ఫోమ్ అయితే తెల్ల ఫెవికాల్, కానీ పలచగా. మందంగా రాస్తే లోపల గాలి ఆడక రెండు రోజులైనా పచ్చిగానే ఉంటుంది. చెక్క, మోటారు, బరువు మోసే చోట్లకు ఎపాక్సీ (అరాల్డైట్ రకం). హాట్ గ్లూ (గన్‌తో కరిగించి వేసే జిగురు) సంగతి దశ 9లో.

బరువు జమ: రెక్క 128 గ్రా.

దశ 3: బాడీ, తోక

బాడీ నాలుగు పలకల పెట్టె, లోపల అయిదు అడ్డు ఫ్రేములు. వెనకవైపు గూను వంపు కోసం పై పలక లోపల 12 మి.మీ. ఎడంతో గీతలు కోసి వంచాలి. ముక్కు కవచానికి పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, ఉప్పుకాగితంతో రుద్దాలి. 120 నంబరుతో మొదలుపెట్టి 320తో ఆపాలి.

కాక్‌పిట్ వెనక ఒంపును వేడితీగతో కోశాం. వినాయక చవితి పందిళ్లకు, పెళ్లి స్టేజీలకు థర్మాకోల్ అక్షరాలు కోసేవాళ్లు వాడేది అదే. 0.4 మి.మీ. నైక్రోమ్ తీగ 60 సెం.మీ. తీసుకుంటే నిరోధం 5 ఓమ్‌ల పైచిలుకు. 12 వోల్టులకు 2.3 ఆంపియర్లు పోతాయి. తీగ ఎర్రబడితే వేడి ఎక్కువైనట్టే. అప్పుడు గాడి 3 మి.మీ. వెడల్పు కరిగిపోతుంది. కోసేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, ఆ పొగ మంచిది కాదు.

తోక కోసం కాగితం ఉన్న ఫోమ్ బోర్డు వాడాం, గట్టిగా ఉంటుందని. అది తప్పు. వెదురు పుల్లలు, జిగురుతో కలిపి తోక 31 గ్రాములు తేలింది. "31 గ్రాములే కదా" అనిపిస్తుంది.

బరువు జమ: రెక్క 128 + బాడీ 112 + తోక 31 = 271 గ్రా.

దశ 4: మోటారు, ప్రాప్ (ప్రొపెల్లర్)

2212 సైజు మోటార్లు రెండింటిని ఒకదాని తర్వాత ఒకటి, మూడు సెల్లుల లైపో బ్యాటరీతో, వాట్ మీటరు పెట్టి చూశాం. విమానాన్ని బల్లకు కట్టేసి, ప్రాప్ తిరిగే వరసలో ఎవరూ నిలబడకుండా చూసుకుని, ఫుల్ థ్రాటిల్‌లో (కేవీ అంటే ఒక వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు):

- 1400 కేవీ, 8×6 ప్రాప్: 21.5 ఆంపియర్లు, 10.5 వోల్టులు, 226 వాట్లు. 40 సెకన్లకే మోటారు మీద వేలు పెట్టలేం.
- 1400 కేవీ, 8×4 ప్రాప్: 15.4 ఆంపియర్లు, 11.0 వోల్టులు, 169 వాట్లు. నిమిషానికి 10,900 చుట్లు.
- 1000 కేవీ, 9×6 ప్రాప్: 13.2 ఆంపియర్లు, 11.1 వోల్టులు, 147 వాట్లు. నిమిషానికి 7,900 చుట్లు.

వాట్లు చూసి రెండోది తీసుకోవాలనిపిస్తుంది. కానీ ప్రాప్ పేరులో రెండో అంకె ఒక చుట్టుకు అది ఎన్ని అంగుళాలు ముందుకు నెడుతుందో చెప్తుంది. 6 అంగుళాలను 7,900తో గుణిస్తే గంటకు 72 కి.మీ. 4 అంగుళాలను 10,900తో గుణిస్తే 66 మాత్రమే. కరెంటు తక్కువ తాగి ఎక్కువ వేగమిచ్చేది మూడోదే. మా రెక్క విస్తీర్ణానికి, 700 గ్రాముల బరువుకు రెక్క ఆగిపోయే వేగం సుమారు 29 కి.మీ. వస్తుంది. ప్రాప్ వేగం దానికి రెండింతలు దాటి ఉండాలి. ఇక్కడ రెండున్నర రెట్లు ఉంది.

మోటారును 2 డిగ్రీలు కుడికి, 2 డిగ్రీలు కిందికి వంచాలి. మౌంటు స్క్రూల ఎడం 28 మి.మీ. కాబట్టి అర మిల్లీమీటరు వాషర్లు రెండు వేస్తే 2 డిగ్రీలు వస్తుంది. మొదటిసారి ఇది చేయలేదు.

మోటారు 53, ప్రాప్, అడాప్టరు 17, మౌంటు, స్క్రూలు 14, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 25.

బరువు జమ: 271 + 109 = 380 గ్రా.

దశ 5: సర్వోలు, రేడియో

9 గ్రాముల సర్వోలు (కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్లు) నాలుగు. ఐలెరాన్లకు (రెక్క వెనకంచున కదిలే పలకలు, విమానాన్ని పక్కకు వాల్చేవి) రెండు రెక్కలో. తోకలోని ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (పక్కలకు తిప్పేది) సర్వోలు రెండూ రెక్క దగ్గరే, బాడీలో. తోక దగ్గర పెడితే పుష్‌రాడ్లు (సర్వో నుంచి పలకను తోసే తీగలు) పొట్టిగా వస్తాయి, పని సులువు. కానీ రెండు సర్వోలు 18 గ్రాములు, తోక ముక్కుకు మూడింతల దూరం. అందుకే ముందుకే పెట్టాం. పుష్‌రాడ్లు 1 మి.మీ. స్టీలు తీగ, బయట ప్లాస్టిక్ గొట్టం. గొట్టాన్ని ప్రతి 100 మి.మీ.కు ఒకచోట ఫోమ్‌కు అతికించకపోతే తోసినప్పుడు విల్లులా వంగుతుంది, ఎలివేటర్ కదలదు.

1. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, ఆ తర్వాతే బ్యాటరీ కలపాలి. ప్రాప్ తీసేసి.
2. అన్ని సర్వోలూ మధ్యలో ఉన్నాకే హార్న్ (తీగ తగిలించే చిన్న చేయి) బిగించాలి.
3. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే అమరిక) థ్రాటిల్ సున్నా పెట్టాలి. తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపి మోటారు ఆగిందో లేదో కళ్లతో చూడాలి. మా రిసీవర్‌లో ఇది దానంతట అది రాలేదు. సిగ్నల్ పోగానే చివరి థ్రాటిల్ అలాగే నిలిచింది. బల్ల మీదే బయటపడింది కాబట్టి సరిపోయింది.
4. విమానాన్ని ఒకరు పట్టుకుని సగం థ్రాటిల్‌లో ఉంచితే, రెండోవాళ్లు ట్రాన్స్‌మిటర్‌తో 150 మీటర్లు నడిచి కదలికలు చూడాలి.
5. ట్రాన్స్‌మిటర్ కర్రను కుడికి తోస్తే కుడి ఐలెరాన్ పైకి లేవాలి. ప్రతి ఫ్లైట్ ముందూ చూడాల్సిందే.

బరువు జమ: 380 + సర్వోలు 36 + వైర్లు 14 + రాడ్లు, హార్న్‌లు 18 + రిసీవర్ 15 = 463 గ్రా.

దశ 6: రంగు

స్ప్రే డబ్బా రంగు తునక మీద కొట్టి చూస్తే అయిదు నిమిషాల్లో ఉపరితలం నారింజ తొక్కలా గుంతలు పడింది. అందులో ఉండే ద్రావకం ఎక్స్‌పీఎస్‌ను కరిగిస్తుంది. గోడలకు వేసే నీటి ఎమల్షన్, స్టెయినర్ కలిపి, చిన్న స్పాంజి రోలరుతో వేశాం. బ్రష్ వద్దు, అది రంగును మందంగా పూస్తుంది.

పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు. కింద బూడిదరంగు. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వాన భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ నడిపినవి హరికేన్లే. ఆగ్నేయాసియా రంగంలో బ్రిటిష్, భారత వైమానిక దళాల విమానాల గుండ్రటి గుర్తుల్లో ఎరుపు తీసేశారు, నీలం మీద లేతనీలం మాత్రమే ఉంచారు. ఎర్ర చుక్క చూసి జపాన్ విమానమనుకుని సొంతవాళ్లే కాలుస్తారని. మోడల్ వేసేవాళ్లలో చాలామంది ఇక్కడ ఎర్ర బొట్టు పెట్టేస్తారు.

ఒకచోట చరిత్రను పక్కన పెట్టాం. ఎడమ రెక్క కింద మాత్రమే 40 మి.మీ. తెల్ల పట్టీ. 120 మీటర్ల దూరంలో ఈ రంగుల విమానం నల్ల మచ్చగా కనిపిస్తుంది. వస్తోందా పోతోందా అనేది తెలియదు. పట్టీ కనబడితే తెలుస్తుంది.

రంగు, టేపు కలిపి 62 గ్రాములు. ఎక్కువే. తోకవైపు మూడు పూతలు పడ్డాయి, రంగు సరిగ్గా కలవలేదని.

బరువు జమ: 463 + 62 = 525. 1500 ఎంఏహెచ్ బ్యాటరీ 131. కలిపి 656 గ్రా.

దశ 7: మొదటి రెండు ఫ్లైట్లు

ముక్కులో సీసం 45 గ్రాములు పెట్టాం. ట్యూబ్‌లెస్ టైర్ల బ్యాలెన్సింగ్‌కు వాడే అతుకుడు ముక్కలు, ఒక్కోటి 5 గ్రాములు, తొమ్మిది. టైర్ల షాపులో పాతవి ఊరికే ఇచ్చారు. సీజీ (విమానం సమంగా తూగే చోటు) బాడీ దగ్గర రెక్క ముందంచు నుంచి 62 మి.మీ. దగ్గర వచ్చింది. 52 రావాలి. "ముందు ఎగరేసి చూద్దాం" అన్నారు. ఈ మాట అన్న చోట ఆగిపోయి ఇంటికి పోవాలి.

మొత్తం 701 గ్రా.

ఫ్లైట్ 1. రెండు సెకన్లు. ఫుల్ థ్రాటిల్‌లో చేత్తో విసిరితే ఎడమవైపు దొర్లి నేలను తాకింది. ప్రాప్ ఒకవైపు తిరుగుతుంటే విమానం రెండోవైపు తిరగాలని చూస్తుంది. వేగం లేనప్పుడు ఐలెరాన్లకు దాన్ని ఆపే బలం ఉండదు. ప్రాప్ ఒకటి పోయింది. మార్చినవి: మోటారు 2 డిగ్రీలు కుడికి, కిందికి. విసిరేటప్పుడు మూడొంతుల థ్రాటిలే. విసిరేవాళ్లు రెక్క వెనక బాడీని పట్టుకుని, ముక్కు 10 డిగ్రీలు పైకెత్తి, గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి తోయాలి. పైకి ఎగరేయకూడదు, ముందుకు తోయాలి.

ఫ్లైట్ 2. ఒక నిమిషం 40 సెకన్లు. లేచింది. కానీ ఎలివేటర్ కర్ర ముట్టుకుంటే చాలు, ముక్కు పైకి, కిందికి, మళ్లీ పైకి. సీజీ వెనక ఉన్న విమానం ఇలాగే చేస్తుంది. దానికి తోడు ఎలివేటర్ కదలిక ±16 మి.మీ. పెట్టి ఉంది, ఎక్స్‌పో (కర్ర మధ్యలో కదలికను మెత్తబరిచే అమరిక) లేదు. దిగడానికి తిప్పుతూ కర్ర లాగేసరికి కుడి రెక్క ఆగిపోయింది. దశ 2లో వదిలేసిన ఆ ఒక్క డిగ్రీ. 8 మీటర్ల ఎత్తు నుంచి ముక్కు మీద పడింది. రెక్క వెనక బాడీ రెండు ముక్కలు.

గాల్లో మొత్తం: 1 నిమిషం 42 సెకన్లు. ప్రాప్‌లు 2.

దశ 8: తోక మళ్లీ కట్టడం

సీజీని 10 మి.మీ. ముందుకు తేవాలంటే ఎంత సీసం? సీసం ఉండే చోటు 52 మి.మీ. గుర్తుకు 150 మి.మీ. ముందు. 701 × 10 ÷ 150 = 47 గ్రాములు. ఉన్న 45తో కలిపి 92. మొత్తం 748. పొట్టి ముక్కులో అంత సీసం కూరితే నేలను తాకిన ప్రతిసారీ అది ముందు పలకను చీల్చుకుని బయటికి వస్తుంది.

తోక 52 గుర్తుకు 480 మి.మీ. వెనక ఉంది. 480 ÷ 150 = 3.2. తోకలో ఒక గ్రాము తీస్తే ముక్కులో 3.2 గ్రాములు తీయొచ్చు. కాబట్టి:

1. తోకను 5 మి.మీ. ఎక్స్‌పీఎస్‌తో మళ్లీ కోశాం. కాగితం లేదు. రెండు వెదురు పుల్లలు, అడ్డంగా ఒక వరస టేపు. 31 నుంచి 17 గ్రాములకు దిగింది. 14 తగ్గితే ముక్కులో 45 తగ్గుతుంది.
2. వెనక బాడీ మీద రంగు తడిగుడ్డతో తుడిచి, రుద్ది, ఒకే పూత వేశాం. 8 గ్రాములు తగ్గాయి. అక్కడి దూరం 300, కాబట్టి ముక్కులో 16 తగ్గుతుంది.
3. 92 − 45 − 16 = 31. సీసం ఆరు ముక్కలు, 30 గ్రాములు.
4. విరిగిన బాడీకి నాలుగు మూలల్లో వెదురు పుల్లలు, ఎపాక్సీ: 21 గ్రాములు, 150 మి.మీ. వెనక. దీనికి సీసం వేయలేదు. రెండో ఫ్రేము కోసి బ్యాటరీని 24 మి.మీ. ముందుకు జరిపాం. 131 × 24, 21 × 150 ఇంచుమించు ఒకటే.

బరువు జమ: 701 − 14 − 8 − 15 + 21 = 685 గ్రా. సీజీ 52 దగ్గర. ముందుకన్నా గట్టి బాడీ, 16 గ్రాములు తక్కువ.

రెక్క మెలిక సరిచేయడానికి, స్పార్ వెనక కిందికప్పును బాడీ నుంచి కొసదాకా బ్లేడుతో కోశాం. వెనకంచు కింద 3.5 మి.మీ. దిమ్మె పెట్టి, కడప బండ మీద అదిమి, ఆ కోతలో ఫెవికాల్ పూసి రాత్రంతా వదిలేశాం. ఇప్పుడు ఎడమ 2.1, కుడి 1.9 డిగ్రీలు.

కదలికలు: ఐలెరాన్ ±10 మి.మీ., ఎలివేటర్ ±9, రడ్డర్ ±18, మూడింటికీ ఎక్స్‌పో 30 శాతం.

ఫ్లైట్ 3. అయిదు నిమిషాలు. చేతులు వదిలేస్తే తిన్నగా పోయింది. ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్‌లో చేసే చిన్న సవరణ) ఐలెరాన్ కుడికి రెండు నొక్కులు మాత్రమే. దిగాక ఛార్జర్ 640 ఎంఏహెచ్ వెనక్కి ఎక్కించింది, అంటే నిమిషానికి 128. బ్యాటరీలో 80 శాతమే వాడాలి కాబట్టి 1,200 లెక్క. తొమ్మిది నిమిషాలు వస్తుంది. టైమర్ ఏడుకు పెట్టాం.

ఫ్లైట్ 4 నుంచి 8 దాకా పెద్దగా రాయాల్సింది లేదు. కడుపు మీద దిగినప్పుడల్లా కింద రేడియేటర్ తొట్టి ఊడిపోతోంది. దాన్ని అతికించడం మానేసి వెల్‌క్రోతో పెట్టాం, ఊడితే ఊడనీ. ఆ తొట్టి వెనక నుంచే లోపలి వేడిగాలి బయటికి పోతుంది. లోపలికి వచ్చే రంధ్రం కన్నా బయటికి పోయే రంధ్రం పెద్దది ఉండాలి, లేకపోతే ఈఎస్‌సీ చల్లబడదు. మూడో ప్రాప్ విరిగాక రబ్బరు రింగుతో కట్టే ప్రాప్ సేవర్ పెట్టాం. నేలకు తగిలితే ప్రాప్ పక్కకు ఒరుగుతుంది. ఎండకు రింగు పగుళ్లు పడుతుంది, ప్రతి పది ఫ్లైట్లకు మార్చాలి.

గాల్లో మొత్తం: 34 నిమిషాలు. ప్రాప్‌లు 3.

దశ 9: ఎండ

ఫ్లైట్ 9, మే మొదటి వారం, పొద్దున 11:40. పైకి లేపిన అరనిమిషానికి మోటారు శబ్దం మారింది, ముక్కు తనంతట తాను పైకి పోతోంది. థ్రాటిల్ తగ్గించి దింపాం. మోటారు మౌంటు కిందివైపు 3 మి.మీ. ఊడి ఉంది. అది హాట్ గ్లూతో అతికించింది. ఇన్ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే ఎండలో ముదురు ఆకుపచ్చ చోట 63 డిగ్రీలు, కింది బూడిదరంగు మీద 44. హాట్ గ్లూ ఆ వేడికి మైనంలా మెత్తబడుతుంది. కరిగి కారక్కర్లేదు, మెత్తబడితే చాలు, మోటారు లాగేస్తుంది.

హాట్ గ్లూ అంతా గీకేసి ఎపాక్సీ, రెండు వైపులా ప్లైవుడ్ త్రికోణాలు. 6 గ్రాములు పెరిగింది. అది ముక్కులోనే కాబట్టి సీసం ముక్క ఒకటి తీసేశాం. రెక్కలో సర్వోలను కూడా విప్పి ఎపాక్సీ చుక్కలతో పెట్టాం.

బరువు జమ: 685 + 6 − 5 = 686 గ్రా. రెక్క మీద భారం చదరపు డెసిమీటరుకు 41.3 గ్రాములు. కిలోకు 214 వాట్లు.

లైపో బ్యాటరీలను బండి డిక్కీలో వదలొద్దు, ఈ జిల్లా ఎండల్లో అసలే వద్దు. వాడని రోజుల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జి చేయొద్దు.

పొలం, గాలి

వరి కోతలయ్యాక పొలాలు బాగుంటాయి, రైతును అడిగి. కోత మిషన్ పోయిన మడిలో కొయ్యకాళ్లు జానెడు ఎత్తు నిలబడి ఉంటాయి. అవి విమానాన్ని మెత్తగా పట్టుకుంటాయి గానీ ఐలెరాన్ల టేపు కీళ్లను చీలుస్తాయి. అందుకే కీళ్లకు ప్యాకింగ్ టేపు మానేసి దారాలున్న ఫైబర్ టేపు వేశాం. గట్టుకు అడ్డంగా కాదు, గట్టు వెంబడి దింపాలి. పెన్నా ఇసుకలో దింపితే సన్న ఇసుక మోటారులోకి పోయి గరగరమంటుంది.

రొయ్యల గుంటల దగ్గరికి పోనే వద్దు. పక్షులు రాకుండా గుంటల మీద కట్టే సన్నని దారాలు గాల్లో ఉన్న విమానానికి కనబడవు, మనకూ కనబడవు. ఏరేటర్ల కరెంటు తీగలు సరేసరి. ఉప్పునీళ్లలో పడితే ఈఎస్‌సీ, రిసీవర్, సర్వోలు మూడూ పోయినట్టే.

ఒకే రోజు చేతి మీటరుతో కొలిచిన గాలి: పొద్దున 6:15కు గంటకు 4 కి.మీ., 9:30కు 14, సాయంత్రం 4కు 22. సముద్రపు గాలి మొదలయ్యాక 700 గ్రాముల విమానం ఎగరేయడం వృథా. ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య ముగించుకోవాలి. ఎనిమిది దాటితే గద్దలూ లేస్తాయి. అవి విమానం మీదికి వస్తే థ్రాటిల్ పెంచి పైకి పోవాలి. కిందికి దూకడంలో వాటిని మించలేం.

పోయే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు పచ్చనా, పసుపా, ఎరుపా చూడాలి. కృష్ణపట్నం ఓడరేవు వైపు, దక్షిణాన శ్రీహరికోట షార్ వైపు పోయేవాళ్లు మరీ ముఖ్యంగా. పచ్చ జోన్‌లో కూడా 120 మీటర్లు దాటకూడదు. ఈ విమానం 250 గ్రాములు దాటింది కాబట్టి అతి చిన్న డ్రోన్ల నానో వర్గంలోకి రాదు.

ఫ్లైట్ 14 తర్వాత

గాల్లో మొత్తం: 1 గంట 9 నిమిషాలు. ప్రాప్‌లు 4, సర్వో 1, రబ్బరు రింగులు 2.

ఎడమ ఐలెరాన్ సర్వో పళ్లు అరిగి వదులైంది, 9 గ్రాముల ప్లాస్టిక్ గేరు రకం. మెటల్ గేరుది 13 గ్రాములు. అది రెక్కలో, సీజీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా మార్చొచ్చు, ముక్కులో ఏమీ కదపక్కర్లేదు. ఎలివేటర్ క్లెవిస్‌లో (తీగను హార్న్‌కు తగిలించే కొక్కెం) 1 మి.మీ. ఆట కనిపిస్తోంది. హార్న్ రంధ్రం పెద్దదైంది. దానికి మెటల్ క్లెవిస్ వేద్దామని తూస్తే 2.4 గ్రాములు ఎక్కువుంది, అదీ తోక కొసన. అది వేయడం లేదు. హార్న్ మార్చి, 1 మి.మీ. తీగను జడ్ ఆకారంలో వంచి నేరుగా రంధ్రంలో దూర్చాలి.